పౌర హక్కుల చరిత్ర మీద బొమ్మల పుస్తకాలు: ఏడేళ్ల పాపకి ఏవి చదవాలి, ఎలా చదవాలి?

హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నామని రాశారు. రెండో తరగతి చదివే మీ పాప ఫిబ్రవరిలో స్కూల్లో రోసా పార్క్స్ కథ (బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్లకి, వెనకవి నల్లవాళ్లకి అని విడదీసిన రోజుల్లో, సీటు వదలనని అరెస్టయిన నల్లజాతి ఆవిడ) విని ఇంటికొచ్చి, "అమ్మా, ఆ బస్సులో మనమైతే ఎక్కడ కూర్చునేవాళ్లం? ముందా, వెనకా?" అని అడిగిందట. మీకు ఏం చెప్పాలో తోచలేదన్నారు. ఈ చరిత్ర మీద బొమ్మల పుస్తకాలు బోలెడు ఉన్నాయి, వాటిలో ఏవి మంచివి, ఈ వయసుకి ఎంతవరకు చెప్పొచ్చు అని అడిగారు. పిల్ల భయపడుతుందేమోనని టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

నేను ఇక్కడ ఒక పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. మన తెలుగు తల్లిదండ్రులు ఈ ప్రశ్నని రకరకాలుగా అడుగుతూనే ఉంటారు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు పాప ప్రశ్న సంగతి చూద్దాం. దానికి మీరు ఏం చెప్తారో దాన్నిబట్టే ఏ పుస్తకాలు తేవాలో తేలుతుంది. "అప్పటికి మనవాళ్లు ఇక్కడ లేరులే" అని మాత్రం దాటేయకండి. తక్కువే అయినా ఉన్నారు. మీ ఊళ్లోనే జరిగిన సంగతి ఒకటుంది. 1955 ఆగస్టులో అమెరికాలో మన రాయబారి జి.ఎల్. మెహతా తన సెక్రటరీతో కలిసి హ్యూస్టన్ ఎయిర్‌పోర్టులో ఆగారు. రెస్టారెంట్‌లో కూర్చోబోతే, వాళ్ల ఒంటిరంగు చూసి, ఇక్కడ కాదు, అటు వేరే గదిలో కూర్చోండి అన్నారు. తెల్లవాళ్లకో గది, మిగతావాళ్లకో గది. సంగతి బయటికొచ్చాక అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డలెస్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రోసా పార్క్స్ అరెస్టుకి మూడు నెలల ముందు మాట ఇది.

క్షమాపణ రాయబారి గారికి దక్కింది. అదే ఎయిర్‌పోర్టులో ప్రతిరోజూ ఆ పక్కగదిలోకి వెళ్లాల్సి వచ్చిన నల్లజాతి ప్రయాణికులకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పాపకి చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పండి. మొదటిది ఒక్కటే చెప్తే "మనల్ని కూడా అవమానించారు" అన్నంతవరకే మిగులుతుంది.

ఇంకొకటి మన స్వాతంత్ర్య పోరాట నాయకురాలు కమలాదేవి ఛటోపాధ్యాయ సంగతి. 1941లో ఆవిడ లూసియానాలో రైల్లో వెళ్తుంటే టికెట్ కలెక్టర్ వచ్చి తెల్లవాళ్ల పెట్టెలోంచి లేచి వెళ్లమన్నాడు. ఆవిడ లేవలేదు. తర్వాత మళ్లీ వచ్చి, మీరు ఏ దేశం మనిషి అని అడిగాడు. ఇండియా అని చెప్పేస్తే అక్కడితో గొడవ వదిలిపోయేది. ఆవిడ ఆ దారి పట్టలేదు. అది అనవసరం, నేనూ రంగున్న మనిషినేనని కనిపిస్తూనే ఉంది కదా, ఇక్కణ్నుంచి కదలను అన్నారు. చివరికి గొణుక్కుంటూ అతనే వెళ్లిపోయాడు.

కాబట్టి పాపకి నేనైతే ఇలా చెప్తాను: "మనలాంటి వాళ్లని చూస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్లకీ సరిగ్గా తెలిసేది కాదు. ఒక్కోసారి వెనక్కి పొమ్మనేవాళ్లు. ఒక్కోసారి విదేశీయులని వదిలేసేవాళ్లు. వదిలేస్తే మనం ఏం చేసేవాళ్లమో, అది మనం ఆలోచించుకోవాలి." ఏడేళ్ల పిల్లకి ఈ మాట అర్థమవుతుంది. పిల్లలకి న్యాయం అన్యాయం తెలిసినంత బాగా ఇంకేమీ తెలియదు. చిన్న బిస్కెట్ ముక్క దగ్గర కూడా లెక్క సరిగ్గా చూసుకునే వయసు అది.

ఇక పుస్తకాలు. ఈ చరిత్ర మీద ఏ పుస్తకం చేతికి తీసుకున్నా నేను మొదట చూసేది ఒకటే: ఇందులో ఎంతమంది మనుషులున్నారు? ఒక్క మంచి మనిషి, ఒక్క ధైర్యమైన క్షణం, ఆ తర్వాత అంతా బాగైపోయింది అన్నట్టు కథ నడిస్తే ఆ పుస్తకాన్ని ముందుగా ఎవరికీ ఇవ్వను, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా సరే. పని ఎలా జరిగింది, కరపత్రాలు ఎవరు వేశారు, ఎవరు వండారు, ఎవరు కార్లు నడిపారు, పెట్రోలుకి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది అని చూపించే పుస్తకం దొరికితే అది తీసుకెళ్లమని వెంటపడతాను.

మీ పాప స్కూల్లో విన్న కథనే తీసుకోండి. ఎక్కువ చోట్ల చెప్పేది ఏమిటంటే, ఒక ముసలావిడ, కుట్టుపని చేసుకునే ఆవిడ, రోజంతా పనిచేసి కాళ్లు నొప్పి పుట్టి సీట్లోంచి లేవలేదు. రోసా పార్క్స్‌కి అప్పుడు 42 ఏళ్లు. ముసలావిడ కాదు. తన ఆత్మకథలో ఆవిడే చెప్పుకున్నారు, ఒంటి అలసట కాదు, లొంగి లొంగి విసిగిపోయానని. అప్పటికే పన్నెండేళ్లుగా అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. శాఖలో పనిచేస్తున్నారు, కార్యదర్శిగా ఉన్నారు. ఆ ఎండాకాలంలోనే టెన్నెసీలో హైలాండర్ అనే శిక్షణ కేంద్రానికి వెళ్లి, పోరాటాలు ఎలా నడపాలో మిగతావాళ్లతో కలిసి నేర్చుకుని వచ్చారు. అంటే 1955 డిసెంబరు 1న ఆ బస్సులో కూర్చున్నది తయారుగా ఉన్న మనిషి.

ఆమె కంటే తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, అదే ఊళ్లో క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ల హైస్కూలు అమ్మాయి కూడా సీటు వదలనంది. పోలీసులు ఆ పిల్లని బస్సులోంచి లాగి తీసుకెళ్లారు. చివరికి బస్సుల్లో ఈ విభజన చెల్లదని కోర్టు చెప్పిన కేసులో ఫిర్యాదుదారులు నలుగురు ఆడవాళ్లు, వాళ్లలో క్లాడెట్ ఒకరు. రోసా పార్క్స్ పేరు ఆ కేసులో లేదు. ఈ సంగతి విన్న పిల్లలు ఎప్పుడూ అడిగేది "మరి స్కూల్లో ఆ అమ్మాయి గురించి ఎందుకు చెప్పలేదు?" అని. చాలా మంచి ప్రశ్న. దానికి కోపం తెచ్చుకోకుండా, అప్పటి నాయకులు కూడా ఎవరిని ముందు నిలబెట్టాలా అని లెక్కలు వేసుకున్నారని చెప్పండి. ఉద్యమం నడిపినవాళ్లూ మామూలు మనుషులేనని పిల్లకి అప్పుడు తెలుస్తుంది.

రోసా పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు ఏం చేశారో చెప్పడం నాకు చాలా ఇష్టం. తను పనిచేసే కాలేజీలో సైక్లోస్టైల్ మిషన్ దగ్గర ఇద్దరు విద్యార్థుల్ని, ఒక సహోద్యోగిని తోడు పెట్టుకుని, సోమవారం ఎవరూ బస్సెక్కొద్దు అని తెల్లవారేదాకా వేల కొద్దీ కరపత్రాలు వేశారు. తెల్లారాక స్కూళ్ల దగ్గర, దుకాణాల దగ్గర పంచిపెట్టించారు. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. అలా మొదలైన బహిష్కరణ 381 రోజులు నడిచింది. పనిమనుషులు, వంటవాళ్లు, కూలీలు ఏడాది పైగా నడిచి పనికి వెళ్లారు. నడవలేనివాళ్ల కోసం సుమారు 300 కార్లు తిరిగాయి. ఏ వీధి మూల ఎక్కించుకోవాలి, ఎక్కడ దించాలి, అంతా పక్కాగా పెట్టుకున్నారు.

ఈ వైపు చూపించే బొమ్మల పుస్తకం కావాలంటే నా చేతికి మొదట వచ్చేది "పైస్ ఫ్రమ్ నోవేర్". డీ రోమిటో రాశారు, లారా ఫ్రీమన్ బొమ్మలు వేశారు, 2018లో వచ్చింది. ఇది జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కథ. ఆవిడ, కొందరు ఆడవాళ్లు కలిసి ఇళ్లల్లో భోజనాలు, పైలు, కేకులు వండి అమ్మి ఆ డబ్బు బహిష్కరణకి ఇచ్చేవాళ్లు. డబ్బు ఎవరిచ్చారని తెలిస్తే ఉద్యోగాలు పోతాయి కాబట్టి తమ గుంపుకి పెట్టుకున్న పేరుకి అర్థం ఎక్కణ్నుంచీ కాదు అని. ఎక్కణ్నుంచి వచ్చింది డబ్బు అంటే, ఎక్కణ్నుంచీ రాలేదు! పిల్లలు ఈ చోట పడీపడీ నవ్వుతారు. ఈ బహిష్కరణకి నాయకుడైన మార్టిన్ లూథర్ కింగ్ మీద పెట్టిన కేసులో ఆవిడ ధైర్యంగా సాక్ష్యం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కింగ్ ప్రోత్సాహంతో ఇంట్లోనే హోటల్ నడిపారు. మన ఇళ్లల్లో పెళ్లికి పదిమంది ఆడవాళ్లు చేరి గారెలు వండుతుంటే చూసిన పిల్లకి ఈ కథ వెంటనే అర్థమవుతుంది. వంట కూడా పోరాటంలో ఒక పనేనని ఈ పుస్తకం చూపిస్తుంది.

"రోసా" అనే పుస్తకం, నిక్కీ జొవానీ రాసి బ్రయన్ కాలియర్ బొమ్మలు వేసినది, మీ స్కూలు లైబ్రరీలో కూడా ఉండొచ్చు. 2005లో వచ్చింది, పిల్లల బొమ్మల పుస్తకాలకి ఇచ్చే కాల్డెకాట్ గౌరవం దక్కింది. నీటిరంగులు, అతికించిన కాగితం ముక్కలు కలిపి వేసిన బొమ్మలు. అందులో జో ఆన్ రాబిన్సన్ కూడా ఉన్నారు, అందుకే నాకు నచ్చుతుంది.

రూబీ బ్రిడ్జెస్ కథ మీ పాపకి అందరికంటే దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లకి అప్పుడు ఆరేళ్లు. 1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్‌లో అంతవరకు తెల్లపిల్లలకే ఉన్న విలియం ఫ్రాంట్స్ బడికి నలుగురు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వం పంపిన పోలీసు అధికారులు) మధ్య నడిచి వెళ్లింది. తెల్లపిల్లల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. బోస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ అనే టీచరు ఒక్కరే ఆ ఏడాదంతా ఆ ఒక్క పిల్లకి ఖాళీ గదిలో పాఠాలు చెప్పారు. దీని మీద రాబర్ట్ కోల్స్ రాసి జార్జ్ ఫోర్డ్ బొమ్మలు వేసిన "ద స్టోరీ ఆఫ్ రూబీ బ్రిడ్జెస్" (1995) బాగా పేరున్న పుస్తకం. కోల్స్ పిల్లల మానసిక వైద్యుడు, అప్పట్లో రూబీతో మాట్లాడుతూ ఉన్నాయన. బొమ్మలు మెత్తగా, లేత రంగుల్లో ఉంటాయి. బడి బయట తన మీద అరిచే తెల్లవాళ్ల గుంపు మధ్యలో ఆగి, వాళ్లని క్షమించమని రూబీ దేవుణ్ని ప్రార్థించడంతో కథ ముగుస్తుంది.

నాకు ఈ ముగింపు దగ్గరే ఇబ్బంది. అది నిజంగా జరిగిందే, ఆ కుటుంబం భక్తి గలది. అయినా పుస్తకం అక్కడ ఆగిపోతే క్షమించే భారమంతా ఆరేళ్ల పిల్ల మీదే పడుతుంది, అరిచిన పెద్దవాళ్లు పుస్తకంలోంచి చల్లగా జారుకుంటారు. అందుకని ఇది చదివాక "ఆ అరిచినవాళ్లు తర్వాత ఏం చేసి ఉండాల్సింది?" అని పాపని అడగండి. మీరు జవాబు చెప్పకండి.

ఇంకో మాట. ఆ రోజు అదే ఊళ్లో మెక్‌డొనో 19 అనే ఇంకో బడికి కూడా ముగ్గురు నల్లజాతి చిన్నపిల్లలు ఇలాగే మార్షల్స్‌తో వెళ్లారు: లియోనా టేట్, టెస్సీ ప్రివోస్ట్, గెయిల్ ఎటియెన్. చాలా పుస్తకాల్లో వీళ్ల ఊసే ఉండదు. పేర్లు పాపకి చెప్పండి.

రూబీ బ్రిడ్జెస్ పెద్దయ్యాక స్వయంగా రాసిన "త్రూ మై ఐస్" (1999) కూడా ఉంది. అందులో ఆనాటి ఫొటోలున్నాయి. మార్షల్స్ ఇంటి భోజనం తప్ప ఇంకేమీ తిననివ్వలేదని, ఎందుకంటే ఒకావిడ విషం పెడతానని రోజూ బెదిరించేదని అందులో ఉంటుంది. ఒంటరిగా తినబుద్ధి కాక తన శాండ్‌విచ్‌లని రూబీ అల్మరాలో దాచేసేది, పాలు జిగురు డబ్బాలో పోసేసేది. తండ్రికి పెట్రోలు బంకులో ఉద్యోగం పోయింది. ఒక నల్లబొమ్మని చిన్న శవపేటికలో పెట్టి గుంపు ఊరేగించిన సంగతీ ఉంది. దీన్ని ఏడేళ్లకి ఒంటరిగా ఇవ్వకండి. మీరు ముందు చదివి, శాండ్‌విచ్‌ల పేజీ చదివి వినిపించండి చాలు. మిగతాది తొమ్మిదేళ్లకి, పదేళ్లకి తనే తీసుకుంటుంది.

బొమ్మలు చదవడం గురించి ఇక్కడే చెప్పాలి. మనవాళ్లు బొమ్మల పుస్తకంలో మాటలు చదివేసి పేజీ తిప్పేస్తారు. చదవడం వస్తే చాలన్న ధ్యాస. నేను పిల్లలతో సగం సమయం మాటలు లేకుండా బొమ్మ చూస్తాను. దీన్ని నేర్పడానికి నార్మన్ రాక్‌వెల్ రూబీ మీద వేసిన చిత్రం కంటే మంచిది నాకు దొరకలేదు. 1964 జనవరిలో "లుక్" పత్రికలో వచ్చింది, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. తెల్ల గౌను వేసుకున్న చిన్నపిల్ల, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మార్షల్స్. మార్షల్స్‌కి తలలు లేవు, భుజాల దగ్గరే బొమ్మ ఆగిపోయింది. చిత్రకారుడు పిల్ల ఎత్తులో నిలబడి చూశాడు. గోడ మీద పగిలిన టమాటా మరక, దాని పైన నల్లవాళ్లని అవమానించే ఒక మాట రాసి ఉంటుంది. పాప ఆ మాట ఏమిటని అడిగితే, మనుషుల్ని చిన్నబుచ్చడానికి వాడే మాట, మనం నోటితో అనం అని చెప్తే సరిపోతుంది. ఇప్పుడు "టమాటా ఎవరు విసిరారు? వాళ్లెక్కడ?" అని అడగండి. వెతుకుతుంది. కనబడరు. ఎందుకంటే గుంపు ఎక్కడుందో అక్కడే మనం నిలబడి ఈ బొమ్మని చూస్తున్నాం. కాసేపటికి పిల్లలు తమంతట తామే ఈ మాట అనేస్తారు, పెద్దవాళ్లే ఆలస్యంగా పట్టుకుంటారు. "మనం ఎక్కడ కూర్చునేవాళ్లం" అని అడిగిన పిల్లకి ఈ బొమ్మ తప్పకుండా చూపించాలి.

భయం గురించి అడిగారు. పిల్లలు అన్యాయం గురించి విని భయపడడం కంటే, విన్నాక తమకి పక్కన ఎవరూ లేరనిపించినప్పుడు ఎక్కువ భయపడతారు. అందుకే పిల్లలే కలిసి పనిచేసిన కథలు ముందు చదవండి. సింథియా లెవిన్సన్ రాసి వనెస్సా బ్రాంట్లీ-న్యూటన్ బొమ్మలు వేసిన "ద యంగెస్ట్ మార్చర్" (2017) అలాంటిది. 1963 మే నెలలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో వందల మంది పిల్లలు ఈ విభజనకి వ్యతిరేకంగా బడి మానేసి ఊరేగింపుగా బయల్దేరి అరెస్టయ్యారు. పెద్దవాళ్లు జైలుకెళ్తే ఉద్యోగాలు పోతాయి, ఇల్లు గడవదు. పిల్లలకి ఆ బాధ లేదు. అదీ లెక్క. మర్నాడు పోలీసులు పిల్లల మీదికి కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఈ పుస్తకంలో ఆడ్రీ ఫే హెండ్రిక్స్‌కి తొమ్మిదేళ్లు, వారం రోజులు జైల్లో ఉంది. బొమ్మలు ప్రకాశమైన రంగుల్లో, ఉత్సాహంగా ఉంటాయి కానీ జైల్లో ఒంటరితనాన్ని దాచవు. చివర్లో ఆ ఇంట్లో చేసుకునే వెన్న రొట్టెల వంటకం కూడా ఇచ్చారు, పాపతో కలిసి చేయొచ్చు.

అదే ఊళ్లో అదే ఏడాది సెప్టెంబరు 15న చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. దీన్ని ఏడేళ్లకి చెప్పాలా? అడిగితే చెప్పండి, అడగకపోతే ఇప్పుడే ఎత్తకండి. డోరీన్ రాపపోర్ట్ రాసిన "మార్టిన్స్ బిగ్ వర్డ్స్" (2001) దీన్ని ఎంత జాగ్రత్తగా తాకుతుందో చూడండి. బొమ్మలు కాలియర్‌వే. అట్ట మీద పేరు కూడా ఉండదు, కింగ్ నవ్వుముఖం ఒక్కటే. చివరి బొమ్మలో నాలుగు కొవ్వొత్తులు. అవి ఆ నలుగురు పిల్లల కోసమని చిత్రకారుడు తన మాటలో రాశాడు. పాప చిన్నదిగా ఉన్నప్పుడు అవి కొవ్వొత్తులే. కాస్త పెద్దయ్యాక లెక్కపెట్టుకుంటుంది.

మన పిల్లలకి ప్రత్యేకంగా ఇవ్వాల్సిన పుస్తకం ఒకటుంది: డంకన్ టోనాటియూ రాసి, బొమ్మలు కూడా తనే వేసిన "సెపరేట్ ఈజ్ నెవర్ ఈక్వల్" (2014). కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊళ్లో సిల్వియా మెండెజ్ అనే పిల్లని, చామనచాయ, మెక్సికన్ పేరు అని బడిలో చేర్చుకోలేదు. తెల్లగా, ఫ్రెంచి ఇంటిపేరుతో ఉన్న ఆమె మేనత్త పిల్లల్ని మాత్రం చేర్చుకుంటామన్నారు. తండ్రి గొన్సాలో మిగతా కుటుంబాల్ని కూడగట్టి కోర్టుకెక్కి 1947లో అప్పీలులోనూ గెలిచాడు. బడుల్లో ఇలా విడదీయడం చెల్లదని దేశమంతటికీ వర్తించేలా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పు వచ్చింది 1954లో, ఇది దానికి ఏడేళ్ల ముందు. గొన్సాలో కౌలుకి చేసిన పొలం ఒక జపనీస్ అమెరికన్ కుటుంబానిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం వాళ్లని నిర్బంధ శిబిరానికి పంపింది. ఒక అన్యాయం పక్కనే ఇంకో అన్యాయం. ఈ పుస్తకంలో మనుషులంతా పక్కకి తిరిగి ఉంటారు, మెక్సికోలోని పాత మిష్టెక్ చిత్రాల పద్ధతిలో. పిల్లలు మొదట వింతగా చూస్తారు, తర్వాత తామూ అలాగే గీస్తారు. నలుపు, తెలుపు రెండే ఉన్న కథల్లో తను ఎక్కడో తెలియని పిల్లకి ఈ కథ చాలా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. ఈ పుస్తకాల్లో తెల్లవాళ్లకి ఒక నీళ్ల కుళాయి, నల్లవాళ్లకి ఒక కుళాయి ఉన్న బొమ్మ ఎక్కడో ఒకచోట వస్తుంది. దాన్ని చూసి మనం "అయ్యో, ఎంత అన్యాయం" అంటాం. మన ఊళ్లలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని, దళితులకి వేరే గ్లాసు, తాగాక వాళ్లే కడిగి పెట్టాలని, ఊరి బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదని మనలో చాలామందికి తెలుసు. తెలిసీ పిల్లలకి చెప్పం. అమెరికా పాపాల గురించి ధైర్యంగా చదివి, మన దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేస్తే పిల్లలు పట్టేస్తారు. మీ పాప అడిగిన ప్రశ్ననే మన ఊరి టీ కొట్టు దగ్గర అడగాలి: అక్కడ మన ఇంటివాళ్ల చేతిలో ఏ గ్లాసు ఉండేది? మీ కుటుంబం ఏ వైపు ఉన్నా సరే, జవాబు నిజంగా చెప్పండి. మీది దళిత కుటుంబమైతే ఈ మాట పాపకి ఎప్పుడు, ఎలా చెప్పాలో నాకంటే మీకే బాగా తెలుసు.

ఈ రెండు చరిత్రల మధ్య బంధం నేను అంటగడుతున్నది కాదు. 1959లో కింగ్ ఇండియా వచ్చారు. కేరళలో ఒక బడిలో ప్రిన్సిపాల్ తనని "అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు" అని పరిచయం చేశాడని, మొదట మనసు చివుక్కుమన్నా తర్వాత ఆలోచిస్తే అది నిజమేననిపించిందని ఆయన 1965లో ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు.

పాపకి పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక "భీమాయన" ఇవ్వండి. 2011లో నవయాన ప్రచురణ. అంబేద్కర్ జీవితాన్ని దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అనే పర్ధాన్ గోండు ఆదివాసీ చిత్రకారులు గీశారు. కామిక్‌లో ఉండే గళ్లు ఇందులో లేవు, గోండు గీతలే పేజీని విడదీస్తాయి. మెత్తటి మాటలున్న బుడగలు పిట్టల ఆకారంలో, విషం కక్కే మాటలున్న బుడగలు తేలు కొండితో ఉంటాయి. నీళ్లు, ఇల్లు, ప్రయాణం అని మూడు భాగాలు. బడిలో దాహమేసినా కుళాయి ముట్టుకోనివ్వని పిల్లాడి కథ చదివాక అమెరికా కుళాయిల బొమ్మ మళ్లీ తీసి చూపించండి. ఇంకా చిన్న వయసులో కావాలంటే కంచ ఐలయ్య గారు పిల్లల కోసం రాసిన "టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్" (2007) ఉంది. కుమ్మరి, చాకలి, మంగలి, చెప్పులు కుట్టేవాళ్లు, రైతుల పనిలో ఎంత తెలివి ఉందో చెప్తుంది. బొమ్మలు దుర్గాబాయి వ్యాం గారివే. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ దళిత, ముస్లిం, బహుజన ఇళ్ల పిల్లల కథలతో "డిఫరెంట్ టేల్స్" అని బొమ్మల పుస్తకాలు తెచ్చింది. తెలుగులోనూ ఉన్నాయి. ఇండియా వెళ్లినప్పుడు వెతకండి.

మనం ఈ దేశంలో ఉండడానికీ ఈ ఉద్యమానికీ సంబంధం ఉందని కూడా పాపకి ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి. 1946 తర్వాత కూడా ఇండియా నుంచి వచ్చి స్థిరపడడానికి ఏడాదికి ఇచ్చిన కోటా 100 మందికే. జాతిని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతిని 1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టం తీసేసింది. పౌర హక్కుల చట్టం 1964లో, ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టులో వచ్చాయి. అదే ఊపులో ఇదీ వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు గుంపులుగా వచ్చింది ఆ తర్వాతే.

మిడిల్ స్కూలుకి వచ్చాక "మార్చ్" అనే కామిక్ పుస్తకం మూడు భాగాలూ ఇవ్వండి. ఈ ఉద్యమంలో విద్యార్థి నాయకుడైన జాన్ లూయిస్ తన జీవితాన్నే ఆండ్రూ ఐడిన్‌తో కలిసి రాశారు, నేట్ పావెల్ నలుపు తెలుపుల్లో గీశాడు. మూడో భాగానికి 2016లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. దెబ్బలు, రక్తం, బూతులు ఉన్నాయి, కాబట్టి తొందరపడొద్దు. అందులో విద్యార్థులు ఒకరినొకరు తిట్టుకుంటూ, తోసుకుంటూ, తిరిగి కొట్టకుండా ఉండడం సాధన చేసే దృశ్యాలు చూడండి. నాష్‌విల్‌లో ఆ శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకు ముందు మూడేళ్లు మన నాగపూర్‌లో ఉండి సత్యాగ్రహం గురించి చదువుకుని వెళ్లిన మనిషి. ధైర్యం పుట్టుకతో రాదు, కూర్చుని సాధన చేస్తే వస్తుందని ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది.

చదివేటప్పుడు కొన్ని పనులు చేయండి. పుస్తకం చివర రచయిత మాట, చిత్రకారుడి మాట ఉంటాయి. పాపతో కూర్చోకముందే మీరు అవి చదివేయండి, సగం ప్రశ్నలకి జవాబులు అక్కడే ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకమే అయినా ఒక పేజీ తెలుగులో చెప్పండి, పాప ప్రశ్నలు ఇంట్లో మాట్లాడే భాషలోకి వస్తాయి. రూబీ బ్రిడ్జెస్ పుట్టింది 1954లో. మీ అమ్మగారి వయసే కావచ్చు. నలుపు తెలుపు ఫొటోలు చూసి పిల్లలు ఇదంతా రాజుల కాలం నాటిదనుకుంటారు, "అమ్మమ్మ ఈడు మనిషి, ఇంకా బతికే ఉన్నారు" అంటే కళ్లు పెద్దవి చేస్తారు. అమ్మమ్మ వీడియో కాల్‌లో దొరికినప్పుడు, ఆవిడ చిన్నప్పుడు ఊరి బడిలో ఎవరెవరు ఎక్కడ కూర్చునేవాళ్లో పాపనే అడగమనండి.

ఈ పుస్తకాల్లో కొన్నింటి మీద అక్కడక్కడా అభ్యంతరాలు వస్తున్నాయి. 2021లో టెన్నెసీలో ఒక కౌంటీలో రూబీ బ్రిడ్జెస్ పుస్తకం మీద కూడా తల్లిదండ్రుల బృందం ఫిర్యాదు చేసింది. మీ స్కూల్లో ఏదైనా దొరక్కపోతే పబ్లిక్ లైబ్రరీలో అడగండి. అక్కడ కూడా లేకపోతే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు, చాలాచోట్ల ఒక్క పైసా తీసుకోరు. మొదటి వారం "పైస్ ఫ్రమ్ నోవేర్" తెచ్చుకోండి, తర్వాత "సెపరేట్ ఈజ్ నెవర్ ఈక్వల్", ఆ తర్వాత రూబీ కథ, రాక్‌వెల్ బొమ్మ ఒకేరోజు పక్కపక్కన పెట్టి చూడండి. "ద యంగెస్ట్ మార్చర్" వేసవి సెలవుల్లో, రొట్టెలు చేసుకునే తీరిక ఉన్నప్పుడు.